గేమ్స్‌కి ఏ ప్రాసెసర్, సిమ్యులేషన్‌కి ఏ ప్రాసెసర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రాసెసర్ల మీదే వచ్చాయి, అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. ఎవరు ఎంత రాసినా చివర్లో అడిగేది మాత్రం ‘ఏది బెస్టో ఒక్క ముక్కలో చెప్పండి’ అనే. ఒక పేరు చెప్పేయడం తేలికే. కానీ అలా విన్న పేరు పట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి వేలకు వేలు పోసి, ఇంటికొచ్చాక ‘ఫ్రేమ్స్ (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) పెరగలేదేంటి’ అని దిగాలు పడ్డవాళ్ల ఉత్తరాలు కూడా నాకు వస్తాయి. అవి చదివితే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు ఎవరికీ ఊరికే రాలేదు. కాబట్టి పేర్లు చెబుతాను గానీ, ముందు మీ మెషీన్‌లో పని ఎక్కడ ఆగిపోతోందో చూసుకోమని ప్రతి జవాబులోనూ అడుగుతాను.

ప్రశ్న: అన్నా, ఉప్పల్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రిపూట ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడటం ఒక్కటే నా సరదా. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, ఆర్‌టీఎక్స్ 3070, 16 జీబీ ర్యామ్, 1440పి మానిటర్ ఉన్నాయి. ఊళ్ల మీద, కొండల మీద ఎగురుతుంటే బాగానే ఉంటుంది. ముంబై, ఢిల్లీ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు మాత్రం ఫ్రేమ్స్ 25కి పడిపోయి కుదుపులు వస్తున్నాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 35 శాతమే చూపిస్తోంది కాబట్టి ప్రాసెసర్‌కి ఢోకా లేదు, గ్రాఫిక్స్ కార్డు మార్చమని ఫ్రెండ్స్ అంటున్నారు. షాపతనేమో ఐ9కి వెళ్లిపొమ్మన్నాడు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ఇంకా డబ్బు బయటికి తీయకు. ఆ 35 శాతం దగ్గరే మీ ఫ్రెండ్స్ పొరబడ్డారు. నీ 3600లో ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడవగలిగే పని వరసలు) ఉన్నాయి, టాస్క్ మేనేజర్ చూపించేది ఆ పన్నెండింటి సగటు. ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తూ మిగతా పదకొండూ ఖాళీగా ఉన్నా నీకు కనిపించేది 8 శాతమే. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో జరిగేది ఇంచుమించు ఇదే. విమానం కదలిక, కాక్‌పిట్‌లో సిస్టమ్స్, చుట్టూ తిరిగే ట్రాఫిక్, ఏ భవనం ఎక్కడ గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే పని, వీటిలో చాలా భాగం మెయిన్ థ్రెడ్ అనే ఒక్క దారిలోనే వరసగా నడవాలి. సెకనుకి 60 ఫ్రేమ్స్ కావాలంటే ఆ వరస అంతా 16.7 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి. నీకు 25 వస్తున్నాయంటే 40 మిల్లీసెకన్లు పడుతోందన్నమాట. అంతసేపూ నీ 3070 తన పని ముగించుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. కొత్త కార్డు వేస్తే అది ఇంకా ముందే ముగించుకుని ఇంకా ఎక్కువసేపు ఎదురుచూస్తుంది, నీకు మాత్రం అవే 25 ఫ్రేమ్స్.

నా మాట నమ్మక్కర్లేదు, ఈ రాత్రికే చూసుకో. సిమ్యులేటర్ సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ డిస్‌ప్లే పెట్టుకుని ముంబైలో దిగు. ఏది ఆలస్యం చేస్తోందో పైన రాసి చూపిస్తుంది: ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని ఎర్రగా వస్తే ప్రాసెసర్, ‘జీపీయూ’ అని వస్తే కార్డు. ఇంకా అనుమానంగా ఉంటే అదే చోట నిలబడి రెండర్ స్కేలింగ్‌ని, అంటే కార్డు గీసే బొమ్మ సైజుని, 100 నుంచి 50కి దించు. బొమ్మ మసకబారి ఫ్రేమ్స్ మాత్రం అక్కడే ఉన్నాయంటే గ్రాఫిక్స్ కార్డుకి ఈ తప్పుతో సంబంధం లేదు. ఈ స్కేలింగ్ పరీక్ష ఏ గేమ్‌కైనా పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు.

తేలిందనుకో, ముందు ఖర్చు లేని మందు వేయి. నేల మీది వివరాలు ఎంత దూరం దాకా చూపించాలో చెప్పే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ 200లో ఉంటే 100కి తగ్గించు, ఏఐ ట్రాఫిక్, ఎయిర్‌పోర్టులో నిలిపి ఉంచే విమానాల సంఖ్య కోసేయి, గ్లాస్ కాక్‌పిట్ (విమానం లోపలి డిజిటల్ తెరలు) రిఫ్రెష్ తగ్గించు. ఇవన్నీ మెయిన్ థ్రెడ్ నెత్తిన కూర్చునేవే. నీడలు, మేఘాల క్వాలిటీ ఎక్కువగా కార్డు పని, వాటిని తగ్గించి బొమ్మ పాడుచేసుకోకు.

ఇక ప్రాసెసర్. ఈ రకం సిమ్యులేటర్లకి కోర్ల సంఖ్య కంటే క్యాష్ మెమరీ ఎక్కువ కలిసొస్తుంది. ఎందుకో చెప్తాను. ప్రతి ఫ్రేమ్‌కీ వేల చిన్న చిన్న వస్తువుల వివరాలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకోవాలి. అవి ప్రాసెసర్ లోపలి ఎల్3 క్యాష్‌లో ఉంటే పది నానోసెకన్లు అటూ ఇటూ, లేకపోతే ర్యామ్ దాకా వెళ్లాలి, అక్కడ డెబ్బై ఎనభై. గట్టు మీద పోపుల డబ్బా ఉండటానికీ, ప్రతి ఆవగింజకీ వీధి చివర కిరాణా కొట్టుకి పరిగెత్తడానికీ ఉన్న తేడా అది. నీ 3600 పెట్టె మీద 32 ఎంబీ అని రాసి ఉంటుంది గానీ అది రెండు 16 ఎంబీ ముక్కలు, మూడేసి కోర్లకి ఒక్కొక్కటి. అంటే మెయిన్ థ్రెడ్ నడిచే కోరుకి దగ్గర్లో ఉన్నది 16 మాత్రమే. ఏఎండీ వాళ్లు 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి చేసింది ఇక్కడే: మామూలు 32 ఎంబీ క్యాష్ మీద ఇంకో 64 ఎంబీ పొరగా పేర్చి ఎనిమిది కోర్లకీ కలిపి 96 ఎంబీ ఇచ్చింది. క్లాక్ స్పీడ్ దాని అన్న 5800ఎక్స్ కంటే తక్కువ, అయినా ఫ్లైట్ సిమ్యులేటర్‌లో దాన్ని చిత్తుచేసింది. ఫ్యాక్టోరియో లాంటి గేమ్స్‌లోనూ అంతే.

నీకున్న పెద్ద అదృష్టం ఏంటంటే అది నీ బీ450 బోర్డులోనే కూర్చుంటుంది. బయోస్ (బోర్డుని నడిపే దాని సొంత ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి 5800ఎక్స్3డి గానీ, దాని తమ్ముడు 5700ఎక్స్3డి గానీ పెట్టుకుంటే బోర్డు, డీడీఆర్4 ర్యామ్ అన్నీ అలాగే ఉంటాయి. ఇవి ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టమే, వాడినవి దొరికితే బిల్లు, మిగిలిన వారంటీ చూసి తీసుకో. 3600తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలర్ దీనికి చాలదు, మంచి టవర్ కూలర్ ఒకటి కలుపుకో. ర్యామ్ కూడా 32 జీబీ చేసుకో. ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కి రికమెండెడ్ అని వాళ్లు చెప్పిందే 32. ఆ ప్రాసెసర్లు దొరక్కపోతే ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 ఉన్న బోర్డు, డీడీఆర్5 ర్యామ్‌తో 7800ఎక్స్3డి గానీ 9800ఎక్స్3డి గానీ. ఈ రెండోది 2024 నవంబర్‌లో వచ్చింది. ఇందులో ఆ క్యాష్ పొరను కోర్ల మీద కాకుండా కింద పెట్టారు, దాంతో కోర్ల వేడి నేరుగా కూలర్‌కి చేరి క్లాక్ 5.2 గిగాహెర్ట్జ్ దాకా పోగలుగుతోంది. రెండింటి మధ్య ధర తేడా నీ ఒక నెల అద్దె అంత ఉంటే 7800ఎక్స్3డి తీసుకుని మిగిలింది దాచుకో.

షాపతను చెప్పిన ఐ9లో 24 కోర్లుంటాయి, వాటిలో చాలావరకు నీ సిమ్యులేటర్‌లో ఖాళీగా కూర్చుంటాయి. ఆ డబ్బుతో ఒక మంచి యోక్ (విమానం స్టీరింగ్), రడ్డర్ పెడల్స్ వస్తాయి.

ప్రశ్న: సార్, నేను నిజాంపేటలో ఉంటాను, ఎంటెక్ థర్మల్ చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో యాన్సిస్, ఇంట్లో ఓపెన్‌ఫోమ్ నేర్చుకుంటున్నాను, అప్పుడప్పుడు సిమ్యులింక్, అన్నీ ఇంజనీరింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లే. మా తమ్ముడు వాలరెంట్ గేమ్ పిచ్చోడు. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్ కొంటానన్నారు నాన్న. సిమ్యులేషన్ అనగానే షాపులో ‘ఎన్ని కోర్లుంటే అంత మంచిది మేడమ్’ అని 24 కోర్లది చూపించారు. తమ్ముడేమో ఎక్స్3డి కావాలని గొడవ. మా ఇద్దరికీ కుదిరేది ఉందా?

జవాబు: అమ్మాయ్, ఇద్దరికీ కుదిరేది ఉంది, షాపువాళ్లు చూపించింది మాత్రం కాదు. నీ మూడు సాఫ్ట్‌వేర్లూ మూడు వేరే వేరే చోట్ల ఆగుతాయి. వాటిని ఒక గాటన కట్టేస్తే నాన్నగారి డబ్బు తప్పు చోట పడుతుంది.

సిమ్యులింక్‌తో మొదలుపెడదాం, అది తేలిక. మామూలు మోడల్ ఒకటి నడుస్తుంటే ఎక్కువగా ఒక్క కోరే పనిచేస్తుంది, ఎందుకంటే ఈ క్షణం లెక్క పూర్తయితే గానీ తర్వాతి క్షణం లెక్క మొదలుకాదు. అక్కడ కావలసింది వేగంగా నడిచే ఒక కోర్. అదే మోడల్‌ని పారామీటర్లు మార్చి వందసార్లు నడపాలంటే అప్పుడు కోర్లన్నీ పనికొస్తాయి, ఒక్కో రన్ ఒక్కో కోరుకి ఇచ్చేయొచ్చు.

ఓపెన్‌ఫోమ్ కథ వేరు. అది చేసేది సీఎఫ్‌డీ, అంటే గాలి, నీటి ప్రవాహాల లెక్క. అందులో స్థలాన్ని మెష్ అనే గళ్లుగా కోస్తారు, ప్రతి సెల్ (గడి) పక్క సెల్స్ విలువలు చదువుకుని చిన్న లెక్క వేసి రాసేస్తుంది. లెక్క చిన్నది, చదవడం రాయడం పెద్దది. అందుకే కోర్లు పెంచుకుంటూ పోతే కొంత దూరం వెళ్లాక ర్యామ్ నుంచి డేటా అందక అన్నీ క్యూలో నిలబడతాయి. మామూలు డెస్క్‌టాప్ బోర్డు ఏదైనా సరే, ఇంటెల్ అయినా ఏఎండీ అయినా, ర్యామ్‌కి రెండు చానళ్లే (డేటా వచ్చే దారులు). డీడీఆర్5-6000 వేస్తే సెకనుకి 96 జీబీ, పాత డీడీఆర్4-3200 అయితే 51.2 జీబీ, కాగితం మీద అంతకు మించి రాదు. ఆ 96ని ఎనిమిది కోర్లు పంచుకున్నా, ఇరవై నాలుగు పంచుకున్నా అదే 96. పెద్ద మెష్ మీద ఆరు ఎనిమిది కోర్లు దాటాక టైమ్ పెద్దగా తగ్గదు. వర్క్‌స్టేషన్లలో వాడే థ్రెడ్‌రిప్పర్‌కి నాలుగు చానళ్లు, దాని ప్రో రకానికి ఎనిమిది, సర్వర్లలో ఎపిక్ కొత్త తరానికి పన్నెండు ఇచ్చేది ఇందుకే.

24 కోర్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. వాటిలో ఎనిమిది పెద్ద కోర్లు, పదహారు చిన్నవి. నువ్వు మెష్‌ని డీకంపోజ్ చేసి ఇరవై నాలుగు సమాన ముక్కలు చేశావనుకో, పెద్ద కోర్లు తమ ముక్క త్వరగా ముగించేసి చిన్నవి ముగించేదాకా ప్రతి ఇటరేషన్‌లోనూ ఆగాల్సిందే. అంటే మొత్తం పని చిన్న కోరు వేగంతో నడుస్తుంది. ఇలాంటి లెక్కలకి అన్నీ ఒకే రకం కోర్లున్న ప్రాసెసర్ తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ముక్కలు కూడా థ్రెడ్లన్ని కాదు, కోర్లన్ని చేసుకో.

కోర్లు రెట్టింపు చేస్తే టైమ్ సగం అవుతుందనే ఆశ కూడా పెట్టుకోకు. జీన్ అమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లోనే దీన్ని లెక్కగా చెప్పాడు. నీ ప్రోగ్రామ్‌లో 80 శాతం పని పంచుకోగలిగేదీ, 20 శాతం ఒంటరిగా నడవాల్సిందీ అనుకుందాం. ఒక్క కోర్ మీద రెండు గంటలు పట్టే పని ఎనిమిది కోర్ల మీద 36 నిమిషాలవుతుంది. పదహారు కోర్లు పెడితే 18 కాదు, 30 నిమిషాలు. ఎన్ని కోర్లు పోసినా 24 నిమిషాల కిందికి దిగదు. ర్యామ్ దగ్గర క్యూ కూడా కలిపితే ఆదా ఇంకా తక్కువే మిగులుతుంది. ఆ ఆరు నిమిషాల కోసం ఎంత పెట్టొచ్చో నాన్నగారితో కూర్చుని మాట్లాడు.

యాన్సిస్ మెకానికల్‌లో డైరెక్ట్ సాల్వర్ వాడితే అసలు సమస్య ర్యామ్. లెక్క మొత్తం ర్యామ్‌లో పట్టకపోతే డిస్క్ మీద రాసుకుంటూ చదువుకుంటూ నడుస్తుంది, అప్పుడు ఎంత గొప్ప ప్రాసెసరైనా నత్తనడకే. స్టూడెంట్ వెర్షన్‌లో మెష్ సైజుకీ, వాడుకోగల కోర్లకీ పరిమితి ఉంటుందని కూడా మర్చిపోకు. లైసెన్స్ ఒప్పుకోని కోర్లు ఇంట్లో ఎన్ని ఉన్నా నీకు అక్కరకు రావు.

నా సలహా సూటిగా: ఎనిమిది కోర్ల ఏఎం5 ప్రాసెసర్, రైజెన్ 7 7700 గానీ 9700ఎక్స్ గానీ. ర్యామ్ 64 జీబీ, రెండు 32లుగా. నాలుగు స్టిక్కులు వేస్తే డీడీఆర్5 ఏఎం5లో ఆ 6000 స్పీడ్ నిలబెట్టుకోలేదు, తగ్గించి నడపాల్సి వస్తుంది, బ్యాండ్‌విడ్త్ (ర్యామ్ నుంచి డేటా అందే వేగం) కోసం ఏడ్చే పనికి అది చేటు. ఓపెన్‌ఫోమ్‌లో పది లక్షల సెల్స్‌కి స్థూలంగా ఒకటి రెండు జీబీ అనుకో, 64లో నీ ఎంటెక్ ప్రాజెక్టు హాయిగా నడుస్తుంది. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి, కాబట్టి ఇప్పుడు 64 భారమైతే 32 జీబీ స్టిక్ ఒక్కటి మాత్రం కొనకు, చానల్ ఒకటి ఖాళీగా పోతుంది. రెండు 16లతో మొదలుపెట్టి ధరలు దిగాక రెండు 32లకి మారు.

నీ తమ్ముడి మాట కూడా కొట్టిపారేయలేం. వాలరెంట్ గ్రాఫిక్స్ తేలిక, 1080పిలో అది పూర్తిగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. కాకపోతే 7700తో అది 144 హెర్ట్జ్ మానిటర్ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ ఫ్రేమ్సే ఇస్తుంది, కళ్లకి కనిపించని ఫ్రేమ్స్ కోసం నాన్నగారి మీద ఒత్తిడి తేవద్దని చెప్పు. బడ్జెట్ సాగితే మాత్రం ఎక్స్3డి నీకూ పనికొచ్చేదే. ఈ పేర్చిన క్యాష్‌తో ఏఎండీ 2022 మార్చిలో ముందు సర్వర్ చిప్పులు దించింది, గేమర్లకి వచ్చింది ఆ తర్వాతి నెలలోనే. ఆ సర్వర్ చిప్పుల్ని సీఎఫ్‌డీ, స్ట్రక్చరల్ లెక్కలు చేసేవాళ్ల కోసమనే అమ్మారు. లెక్కకి కావలసిన డేటా క్యాష్‌లో ఎంత ఎక్కువ పడితే ర్యామ్ దగ్గర క్యూ అంత తగ్గుతుంది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే చిప్ మీద సంతోషంగా ఉండే చోటు ఏదైనా ఉంటే అది 7800ఎక్స్3డి. పదహారు కోర్ల 9950ఎక్స్3డి ఇంకా గొప్పది, కానీ అందులో ఆ అదనపు క్యాష్ ఎనిమిది కోర్ల వైపే ఉంటుంది, ధర కూడా చదువుకునే ఇంటికి బరువు. పన్నెండు కోర్ల 7900ఎక్స్3డి వైపు మాత్రం పోవద్దు, క్యాష్ ఉన్న వైపు ఆరు కోర్లే.

కొనేముందు ఒక పని చేయి. ల్యాబ్‌లో ఖాళీగా ఉన్న మెషీన్ మీద నీ సొంత కేసునే ఒక కోరుతో, తర్వాత రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదితో నడిపి టైమ్ రాసుకో. ఎక్కడ తగ్గడం ఆగిపోతుందో అక్కడే నీ బడ్జెట్ గీత. ఇంటర్నెట్‌లో ఎవరి బెంచ్‌మార్కూ నీ మెష్ గురించి ఇంత నిజం చెప్పదు.

ప్రశ్న: మలక్‌పేట నుంచి రాస్తున్నా. ఐ7-13700కే తీసుకుని రెండేళ్లయింది. ఈ మధ్య కొత్త గేమ్ ఓపెన్ చేయగానే షేడర్స్ కంపైల్ అవుతుండగా ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అని క్రాష్ అవుతోంది. కార్డులో 12 జీబీ ఉంది. కార్డు పోయిందా?

జవాబు: కార్డు మీద ఇప్పుడే అనుమానం పెట్టుకోకండి. ఆ ఎర్రర్ పేరు తప్పుదారి పట్టిస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ అవసరానికి మించి వెళ్లి చిప్ లోపలి సర్క్యూట్ మెల్లమెల్లగా దెబ్బతినే సమస్య ఉందని ఇంటెలే 2024లో చెప్పింది. షేడర్ కంపైల్ (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములని ముందే సిద్ధం చేయడం) లాంటి పని మొత్తం ప్రాసెసర్‌దే, అది తప్పు లెక్క వేస్తే గేమ్‌కి కనిపించేది మీరు చూసిన మెసేజే. ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణలు) విడుదల చేశారు, అవి బోర్డు కంపెనీ ఇచ్చే బయోస్‌తో వస్తాయి. ముందు బయోస్ కొత్తది వేసి, పవర్ సెట్టింగ్స్‌ని ‘ఇంటెల్ డిఫాల్ట్’లో పెట్టండి. అప్పటికీ క్రాష్ ఆగకపోతే చిప్ ఇప్పటికే దెబ్బతిన్నట్టు అనుకోవాలి, మైక్రోకోడ్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది గానీ అయిపోయినదాన్ని బాగుచేయదు. ఈ చిప్పులకి పెట్టెలో కొన్నవాటి మీద వారంటీని మూడేళ్ల నుంచి అయిదేళ్లకి పెంచారు. మీది రెండేళ్లే కాబట్టి బిల్లు వెతికి క్లెయిమ్ పెట్టండి, వాయిదా వేయకండి. ఈ తరాల ఐ7, ఐ9లు సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లకి కూడా ఇదే మాట: ఒరిజినల్ బిల్లు లేకపోతే ఎంత చవకైనా వద్దు. 12వ తరానికి ఈ గొడవ లేదు.

ప్రశ్న: బాబూ, మాది అల్వాల్. మా అబ్బాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకొస్తే కంప్యూటర్ కొంటామని మాటిచ్చాం, వచ్చింది. గేమ్స్ కూడా ఆడతాడట, కాదనను. పెద్ద ఖరీదుది వద్దు. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ రావాలి.

జవాబు: అమ్మా, ముందు అబ్బాయికి నా అభినందనలు చెప్పండి. తక్కువలో మంచివి రెండున్నాయి: రైజెన్ 5 7600, ఐ5-12400ఎఫ్. రెండింటిలోనూ ఆరేసి కోర్లు, ఈ బడ్జెట్‌లో వచ్చే గ్రాఫిక్స్ కార్డుకి ఏదైనా సరిపోతుంది. నేనైతే 7600 వైపు మొగ్గుతాను. పెట్టెలోనే కూలర్ వస్తుంది, 65 వాట్లదే, పైగా ఆ ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ మాటిచ్చింది కాబట్టి మూడో ఏడాదిలో ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. 12400ఎఫ్ బోర్డుకి కొత్త తరాలు వచ్చే దారి మూసుకుపోయింది. దానికున్న సుగుణం డీడీఆర్4 బోర్డు దొరకడం, ఇంట్లోనో చుట్టాల దగ్గరో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఈ ధరల్లో అది పెద్ద ఆదా. పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదని గుర్తుంచుకోండి, కార్డు రిపేరుకి వెళ్తే స్క్రీన్ మీద ఏమీ రాదు, అసైన్‌మెంట్ రేపు ఇవ్వాలన్న రోజున అది ఇబ్బంది. మిగిలిన డబ్బు ప్రాసెసర్‌లో కాదు, గ్రాఫిక్స్ కార్డులోనూ మంచి పవర్ సప్లైలోనూ పెట్టమనండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో పై అంతస్తు పెంట్‌హౌస్‌లో అద్దెకుంటున్నాం. ఎండాకాలం గది కొలిమిలా ఉంటుంది, కరెంటు కూడా పోతుంటుంది. రేసింగ్ సిమ్ ఆడతాను. 14900కే నా, 9800ఎక్స్3డి నా?

జవాబు: మీ గదికి 9800ఎక్స్3డి. గేమ్స్‌లో వేగం కూడా దానిదే, కానీ మీ విషయంలో అసలు కారణం వేడి. 14900కే పూర్తి లోడు మీద 253 వాట్ల దాకా లాగేలా తయారైంది, 9800ఎక్స్3డి గరిష్ఠంగా 162 దగ్గర ఆగుతుంది, ఆటల్లో ఇంకా చాలా తక్కువ. ప్రాసెసర్ తిన్న ప్రతి వాటూ వేడిగా మీ గదిలోకే వస్తుంది. మే నెలలో గది 38 డిగ్రీలుంటే కూలర్‌కి అందే గాలే 38, శీతాకాలంలో చూసిన టెంపరేచర్ కంటే పన్నెండు పదిహేను డిగ్రీలు ఎక్కువ కనిపిస్తే టెన్షన్ పడకండి. క్యాబినెట్ ముందు జాలీలో దుమ్ము మాత్రం నెలకోసారి దులపండి, మన దగ్గర కట్టుబడి పనుల దుమ్ము ఏ వీధిలోనైనా ఉంటుంది. యూపీఎస్ 600 వీఏది ఉంటే అది ఇచ్చేది దాదాపు 360 వాట్లే, గ్రాఫిక్స్ కార్డూ మానిటరూ కలిస్తే చాలదు, 1000 వీఏకి పైన చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఐ9, డెస్క్‌టాప్ ఐ5 కంటే ఎప్పుడూ మేలే కదా? (మెహిదీపట్నం)

జవాబు: కాదు. పేరు ఒకటే అయినా ల్యాప్‌టాప్‌లో దానికి అందే కరెంటూ, గాలీ తక్కువ. ఒకే పని గంటసేపు నడిపితే సన్నని ల్యాప్‌టాప్‌లో ఐ9 స్పీడ్ తగ్గించుకుని కూర్చుంటుంది. రాత్రంతా నడిచే సిమ్యులేషన్లకి డెస్క్‌టాపే కొనండి.

ప్రశ్న: సీటీసీలో కొనడం మంచిదా, ఆన్‌లైన్‌లోనా? షాపులో ఏం చూసుకోవాలి? (తార్నాక)

జవాబు: రెండుచోట్లా ధర అడగండి, కానీ మొదటిసారి కొంటుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కడమే మంచిదంటాను. బోర్డూ ప్రాసెసరూ అక్కడే కలిపి ఆన్ చేసి చూపిస్తారు, తేడా వస్తే వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు. ప్రాసెసర్ సీలున్న పెట్టెలోదే తీసుకోండి, విడిగా ట్రేలోంచి తీసి ఇచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ రాదు, షాపువాళ్ల మాటే వారంటీ. పెట్టె మీది సీరియల్ నంబర్ జీఎస్‌టీ బిల్లులో రాయించుకోండి. ఆ తర్వాత బోర్డు. ఇప్పటి ఏఎం5, ఇంటెల్ బోర్డులు రెండింటిలోనూ పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డులోని సాకెట్‌లో ఉంటాయి. ఏఎం5లో అయితే 1718, వెంట్రుకంత సన్నగా. ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి, పిన్నులన్నీ ఒకే వరసలో మెరవాలి, ఎక్కడైనా మెరుపు వంకర పోయిందంటే ఆ బోర్డు వద్దని అక్కడే చెప్పండి. ఇంటికి తెచ్చాక చూపిస్తే మీరే వంచారంటారు. ఆ ప్లాస్టిక్ మూత పారేయకండి, రేపు వారంటీకి పంపాలంటే అడుగుతారు. పాత స్టాకు బీ650 బోర్డు మీద 9000 సిరీస్ ప్రాసెసర్ కొంటుంటే బయోస్ అప్‌డేట్ షాపులోనే చేయించండి, లేకపోతే ఆన్ కాదు.

ఇంటికొచ్చి ఏఎం5 సిస్టమ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్ మార్చినప్పుడు, స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ని సర్దుకుంటోందన్నమాట, మధ్యలో పవర్ తీసేయకండి. విండోస్ వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేయండి, ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీ. అది చేయకపోతే మీరు డబ్బిచ్చి కొన్న 6000 స్పీడ్ ర్యామ్ 4800లోనే నడుస్తూ ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎంతలో నడుస్తోందో అక్కడే కనిపిస్తుంది.